తొంభై వేల తేడా

కారు కొనబోతున్నామని చెప్పగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘మైలేజ్ ఎంతిస్తుంది?’ రెండోది ‘ఆన్‌రోడ్ ఎంత పడుతుంది?’ అడగాల్సిన మూడో ప్రశ్న ఇంకొకటుంది. 2012లో దాన్ని నన్నెవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే, ఎవరూ అడగకుండా నేనే జాగ్రత్తపడ్డాను.

అప్పటికి మేం గోపన్‌పల్లిలో ఇల్లు కట్టుకుని ఏడాదయింది. గోపన్‌పల్లి అంటే ఇప్పటివాళ్లకు ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్లు, 2024 జులైలో ప్రారంభమైన తండా ఫ్లైఓవర్ గుర్తొస్తాయి. మేం వచ్చినప్పుడు అలా లేదు. ఒకపక్క సెంట్రల్ యూనివర్సిటీ చెట్లు, ఇంకోపక్క బండరాళ్లు, మధ్యలో ఇరుకు రోడ్డు. తెల్లారితే నెమళ్ల అరుపులు, పొద్దెక్కితే మట్టి టిప్పర్ల హారన్లు. ఆ రోడ్డు మీద నేను, మా ఆవిడ, మా ఇద్దరి మధ్యలో ఒకటో తరగతి చదివే పాప... ముగ్గురం ఒకే బైక్ మీద వెళ్లేవాళ్లం. ఓ వానాకాలం సాయంత్రం టిప్పర్ ఒకటి పక్కనుంచి దూసుకెళ్తే ముగ్గురం బురదతో తడిసి ఇంటికొచ్చాం. పాపకు అదో సరదా. మా ఆవిడ మాత్రం తల తుడుచుకుంటూ ‘‘ఇక కారు చూడండి’’ అంది. అంతే, అనుకున్నాం.

ఏ కారు అన్నదాంట్లో మాకు పెద్ద చర్చ జరగలేదు. ఆ రోజుల్లో మా ఆఫీసు పార్కింగ్‌లో మూడు కార్లుంటే ఒకటి స్విఫ్ట్ అనిపించేది. 2005లో వచ్చిన కారు, 2007లో డీజిల్ ఇంజన్ పెట్టుకుంది, 2011 ఆగస్టులో కొత్త రూపంతో మళ్లీ వచ్చింది. చూడ్డానికి చిన్నదే అయినా నేలకు అతుక్కుని పరిగెత్తే రకం. కుర్రాళ్లకు దూకుడు, ఇంటివాళ్లకు మైలేజ్... రెండూ ఒకే కారులో అన్నమాట.

పెట్రోలా, డీజిలా అన్నది కూడా లెక్క తేల్చేసింది. 2012 వేసవిలో లీటరు పెట్రోలుకూ డీజిల్‌కూ మధ్య తేడా ముప్పై రూపాయలు దాటింది. డీజిల్ మీద ఇంకా ప్రభుత్వ నియంత్రణ ఉండేది. డీజిల్ కారుకు లక్ష రూపాయల దాకా ఎక్కువ పెట్టాలి నిజమే, కానీ కిలోమీటరుకు రెండున్నర రూపాయలు మిగులుతుంది. అంటే నలభై వేల కిలోమీటర్లు తిరిగితే ఆ లక్ష వెనక్కి వచ్చేసినట్టే. నాకు రోజూ మాదాపూర్ ఆఫీసుకు రానుపోను 28 కిలోమీటర్లు. నెలకు రెండుసార్లు సూర్యాపేట దగ్గర మా ఊరికి ప్రయాణం. రెండున్నరేళ్లు చాలనుకున్నాను.

చిక్కంతా ఆ తర్వాతే వచ్చింది. డీజిల్ స్విఫ్ట్‌లో మూడు రకాలు. ఎల్‌డీఐ, వీడీఐ, జడ్‌డీఐ. మొదటిది మరీ బోడిగా ఉందని పక్కన పెట్టేశాం. ఇక మిగిలినవి రెండు.

షోరూమ్ కుర్రాడు ముందు నడిపి చూడమన్నాడు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ రోడ్లు అప్పట్లో ఆదివారం పూట ఖాళీగా ఉండేవి. మొదట కాస్త బద్ధకంగా కదిలింది. సూది రెండు వేల ఆర్‌పీఎం దాటిందో లేదో, వెనకనుంచి ఎవరో నెట్టినట్టు ముందుకు ఉరికింది. డీజిల్ కార్లలో టర్బో చేసే పని అది. ఇంజన్ నుంచి బయటికిపోయే పొగ వేగంతోనే చిన్న చక్రాన్ని తిప్పి, ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని కుక్కుతుంది. ఆ ఒక్క ఉరుకుతో నేను పడిపోయాను. ‘‘ఇది ఏ మోడల్?’’ అన్నాను. ‘‘వీడీఐ సార్. జడ్‌డీఐలో కూడా ఇంజన్ ఇదే’’ అన్నాడు. 1248 సీసీ, 75 హార్స్‌పవర్. దానిదీ అంతే, దీనిదీ అంతే.

మరి తేడా ఏమిటి? జడ్‌డీఐకి పెద్ద అల్లాయ్ చక్రాలు, ఫాగ్ ల్యాంపులు, స్టీరింగ్ మీద పాటల మీటలు, చల్లదనాన్ని తనే సర్దుకునే ఏసీ, వెనక అద్దానికి వైపరు, ఎత్తు మార్చుకునే డ్రైవర్ సీటు, ముందు రెండు ఎయిర్‌బ్యాగులు. ఇవన్నీ కలిపి ఎక్స్‌షోరూమ్ ధరలో ఎనభై వేల రూపాయల దాకా తేడా. దాని మీద అప్పటి లైఫ్ ట్యాక్స్ 12 శాతం, ఇన్సూరెన్స్ కలిపితే తొంభై వేలు దాటింది. అయిదేళ్ల అప్పులో కలిపితే నెలకు దాదాపు రెండు వేలు.

ఇంటికొచ్చి ఓ కాగితం తీశాను. మా నాయిన బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. ఏదైనా కొనేముందు కాగితం మీద రాసి చూడటం ఆయన నేర్పిన అలవాటే. ఎడమవైపు జడ్‌డీఐలో ఎక్కువగా ఉన్నవన్నీ రాశాను. కుడివైపు, అదే వస్తువును బయట కొని బిగించుకుంటే ఎంతవుతుందో రాసుకుంటూ వచ్చాను. అల్లాయ్ చక్రాలు 22 వేలు. ఫాగ్ ల్యాంపులు నాలుగున్నర వేలు. పాటల మీటలు అక్కర్లేదు, చేతులున్నాయి. ఏసీకి మీట తిప్పుకుంటే సరి. వెనక అద్దానికి గుడ్డ చాలు. చివరికి ఎయిర్‌బ్యాగుల దగ్గరికొచ్చాను. అక్కడ రాయడానికి ఏ ధరా దొరకలేదు. రాణిగంజ్ మొత్తం తిరిగినా దాన్ని కొని బిగించుకోలేం. ఫ్యాక్టరీలో పెడితే ఉన్నట్టు, లేదంటే లేనట్టు. అందుకని ఆ వరసలో చిన్న గీత గీసి వదిలేశాను.

ఆ గీత నన్ను ఆపి ఉండాల్సింది. బయట దొరికేవాటికి తొందరేముంది, దొరకనిదాని కోసమే కదా ఆ పై మోడల్ తీసుకోవాలి! కానీ నేను కూడిక చేసింది అంకెలనే. గీత ఏ కూడికలోకీ రాలేదు.

ఆ రాత్రి నాయినకు ఫోన్ చేశాను. ఏం చెప్పానో ఇప్పటికీ మాట పొల్లుపోకుండా గుర్తుంది. ‘‘నాయినా, ఇంజన్ ఒక్కటే. పై మోడల్‌కు మెరిసే చక్రాలు, పొగమంచు లైట్లు, స్టీరింగ్ మీద పాటల మీటలు ఉంటయి. తొంభై వేలు ఎక్కువ. ఏం చేద్దాం?’’

నాయిన క్షణం కూడా ఆలోచించలేదు. ‘‘ఇంజన్ ఒక్కటే అయినప్పుడు చక్రాల మెరుపులకు తొంభై వేలు పోస్తవురా? నీకేమన్న పిచ్చా?’’ అన్నాడు.

నాకు కావాల్సిన జవాబు అదే. ఆ జవాబు వచ్చేలాగే అడిగాను. ఎయిర్‌బ్యాగుల మాట ఎత్తలేదు. మా ఆవిడ అడిగినప్పుడూ ‘‘ఇంజన్ ఒకటే’’ అన్నాను. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. అసలు సంగతి మాత్రం చెప్పలేదు.

మనసు మార్చుకోవడానికి దేవుడు నాకు సమయం కూడా ఇచ్చాడు. డీజిల్ స్విఫ్ట్‌కు అప్పుడు నెలల తరబడి నిరీక్షణ. జూన్‌లో డబ్బు కట్టాం. జులై 18న మారుతి మానేసర్ ఫ్యాక్టరీలో హింస జరిగింది, ఒక అధికారి ప్రాణాలు కోల్పోయారు. స్విఫ్ట్ తయారయ్యేది అక్కడే. నెల రోజులు మూతపడి ఆగస్టు 21న మళ్లీ తలుపులు తెరిచారు. మా వంతు ఇంకా వెనక్కి పోయింది. ఆ మధ్య షోరూమ్ కుర్రాడు రెండుసార్లు ఫోన్ చేశాడు. ‘‘సార్, జడ్‌డీఐకి మారితే కాస్త ముందే వస్తుంది’’ అని. రెండుసార్లూ వద్దన్నాను. అమ్ముకోవడానికి వాళ్ల ఎత్తుగడ అనుకున్నాను.

దీపావళి వారంలో కారు వచ్చింది. నానక్‌రామ్‌గూడ రంగనాథస్వామి గుడి దగ్గర పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. పాప వెనక సీట్లో ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి గెంతుతోంది. ఆ రోజు మా ఇంట్లో ఉన్న సంతోషాన్ని తక్కువ చేసి చెప్పను. మొదటి కారంటే అది వేరు.

తర్వాత జరిగింది వింటే మీకు నవ్వొస్తుంది. మిగిల్చిన తొంభై వేలు బ్యాంకులో దాచానా? లేదు. సంక్రాంతికి అల్లాయ్ చక్రాలు వేయించాను, 22 వేలు. ఉగాదికి పెద్ద స్పీకర్లు, తొమ్మిది వేలు. సీటు కవర్లు ఏడు వేలు. ఫాగ్ ల్యాంపులు నాలుగున్నర వేలు. ముందు భాగంలో కండలు తిరిగినట్టుండే స్టీలు గార్డ్, ఆరు వేలు. మొత్తం 48,500. తొంభై వేలు పెట్టి కొనడానికి మనసొప్పనివాణ్ని, సగానికి పైగా ఖర్చుపెట్టి వీడీఐని జడ్‌డీఐలా చేశాను. మా కాలనీలో చాలామంది అది జడ్‌డీఐ అనే అనుకునేవారు. బయటికి అన్నీ వచ్చి చేరాయి, ఆ గీత గీసినదొక్కటే రాలేదు.

2014 జనవరిలో ఓ వార్త వచ్చింది. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశపు చిన్న కార్లను మొదటిసారి గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. ఆల్టో, నానో, ఐ10, ఫిగో, పోలో. పెద్దల రక్షణలో అయిదింటికీ సున్నా స్టార్లే. కానీ నన్ను ఆపింది అది కాదు. ఎయిర్‌బ్యాగులు లేని పోలోకు సున్నా వచ్చింది. రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకు నాలుగు స్టార్లు వచ్చాయి. కారు అదే, రేకు అదే. తేడా మోడల్లో ఉంది. ఆ తర్వాత ఆ కంపెనీ ఎయిర్‌బ్యాగులు లేని పోలోను ఇక్కడ అమ్మడమే మానేసింది. అది చదివి పేపరు మడిచి పక్కన పెట్టాను. మనది పోలో కాదుగా అనుకున్నాను.

ఆ ఏడాది నవంబరులో మనదీ వచ్చింది. ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్, సున్నా.

మర్నాడు పొద్దున్నే నాయిన ఫోన్. ఊళ్లో పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అక్షరం వదలకుండా చదివే మనిషి. ‘‘పేపర్ల మన కారు గురించి పడ్డది. గాలి సంచులు లేవంట. మనదాంట్ల ఉన్నయా?’’

‘‘లేవు నాయినా.’’

‘‘పై మోడల్ల ఉండెనా?’’

‘‘ఉండె.’’

ఫోన్లో చాలాసేపు మాట లేదు. చివరికి నిదానంగా అన్నాడు. ‘‘నేను వద్దన్నది చక్రాల మెరుపులను రా. ఈ సంగతి నువ్వు నాకు చెప్పలే.’’

కోప్పడి ఉంటే బాగుండేది. నాకు జవాబు చెప్పే వీలుండేది. వారం తర్వాత పోస్టులో ఓ కవరొచ్చింది. లోపల ఆ వార్త కత్తిరించిన ముక్క, కింద ఆయన గుండ్రటి రాత, ‘బెల్టు మాత్రం మరువకు’.

ఎయిర్‌బ్యాగ్ ఎలా పనిచేస్తుందో అప్పుడు కూర్చుని చదివాను. కారు దేనినైనా గుద్దుకోగానే లోపలి సెన్సర్ పసిగడుతుంది. సెకనులో దాదాపు ముప్పయ్యో వంతులో సంచి గాలితో నిండిపోతుంది. మన తల స్టీరింగ్‌కు తగిలేలోగా అది అడ్డం వచ్చేస్తుంది. అయితే అది సీటు బెల్టుకు తోడు మాత్రమే. బెల్టు పెట్టుకోకపోతే ఎదురొచ్చే సంచే దెబ్బ కొట్టగలదు. నాయినకు ఇవన్నీ తెలియవు. అయినా ఉన్నదాంట్లో మిగిలిన ఒకే ఒక్క రక్షణ ఏదో ఆయన సరిగ్గానే పట్టుకున్నాడు.

2015 సంక్రాంతికి తెల్లవారకముందే ఊరికి బయల్దేరాం. ఔటర్ మీదుగా పెద్ద అంబర్‌పేట దిగి విజయవాడ హైవే ఎక్కాం. చౌటుప్పల్ దాటాక మంచు కమ్మేసింది. స్పీడు తగ్గిస్తున్నానో లేదో, ఉన్నట్టుండి ఎదురుగా లారీ వెనక భాగం కనిపించింది. రోడ్డు మీదే ఆగి ఉంది. ఒక్క లైటూ లేదు. బ్రేకు మీద నిలబడినంత పని చేశాను. కారు కీచుమని జారుకుంటూ వెళ్లి, లారీకి రెండు చేతుల దూరంలో ఆగింది. వెనక సీట్లో పాప నిద్రలోంచి లేచి ‘‘ఊరొచ్చిందా?’’ అంది.

మా ఆవిడ రెండు చేతులూ డాష్‌బోర్డును పట్టుకుని ఉన్నాయి. నున్నటి నల్ల ప్లాస్టిక్. చాలాసేపు ఆమె చేతులు తీయలేదు. తర్వాత నావైపు తిరగకుండానే అడిగింది, ‘‘మామయ్య పేపరు ముక్క పంపింది దీని గురించేనా?’’

‘‘అవును’’ అన్నాను. నార్కట్‌పల్లిలో టీ తాగేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ రోజంతా మా ఊళ్లో అందరూ ‘ఏం కాలేదుగా, అదే చాలు’ అన్నారు. అదే చాలు, నిజమే. కానీ ఏమీ కాకపోవడం వల్ల నేను చేసింది సరైనదై పోదు కదా. ఆ పొద్దు లారీ రెండు చేతుల దూరంలో ఉంది. కాస్త ఇవతల ఉంటే?

కారు మాత్రం పాపం ఏ లోటూ చేయలేదు. పన్నెండేళ్లలో లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేశాక మేం వేసుకున్న ఇంధనం లెక్క కాస్త తారుమారైంది. 2017 డిసెంబరులో ముందు గార్డులు ప్రమాదకరమని, వాటి మీద చర్య తీసుకోమని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. ఎదురొచ్చే పాదచారికీ ముప్పే, ఎయిర్‌బ్యాగులున్న కార్లలో సెన్సర్లు సరిగా పనిచేయకుండా అడ్డుపడతాయి కూడా. ఆరు వేలు పోసి పెట్టించినదాన్ని ఊడబీకి పాత ఇనుముకు ఇచ్చాను.

ఈలోగా రూల్సూ మారాయి. 2019 జులై నుంచి ప్రతి కొత్త కారులో డ్రైవరుకు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరైంది. 2021 చివరికల్లా పక్కసీటుకూ తప్పనిసరి చేశారు. 2020 జనవరిలో వచ్చిన టాటా ఆల్ట్రోజ్‌లో డీజిల్ ఉంది, అడుగు మోడల్లోనూ రెండు ఎయిర్‌బ్యాగులున్నాయి, అయిదు స్టార్లూ వచ్చాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు రాగానే మారుతి డీజిల్ కార్లకే స్వస్తి చెప్పింది. ఇక 2024 మేలో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లో అన్నిటికంటే కింది మోడల్లోనే ఆరు ఎయిర్‌బ్యాగులు. మేం పాటల మీటలతో కలిపి అలంకారాల కింద రాసుకున్న వస్తువు, ఇప్పుడు చక్రం, బ్రేకులతో సమానంగా కారులో భాగమైంది. ఆనాడే అలా ఉండి ఉంటే నాలాంటివాళ్లకు గీత గీసే అవకాశమే ఉండేది కాదు. కానీ ఆ తప్పంతా రూల్స్ మీదికి నెట్టేయలేను. జడ్‌డీఐ ఆ షోరూమ్‌లోనే, నా కళ్లెదురుగానే ఉంది.

2024లో మా పాపకు పద్దెనిమిది నిండాయి. లైసెన్సు చేతికొచ్చిన రోజు తాళం కోసం చెయ్యి చాపింది. డ్రైవర్ సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, స్టీరింగ్ మీద అరచెయ్యి ఆనించి అడిగింది, ‘‘నాన్నా, దీంట్లో ఎయిర్‌బ్యాగ్ ఇక్కడే ఉంటుంది కదా?’’

ఆ మూడో ప్రశ్న... పన్నెండేళ్ల కిందట ఎవరూ అడగని ప్రశ్న. అడిగింది మాత్రం వెనక సీట్లో గెంతిన పిల్ల.

‘‘లేదమ్మా’’ అన్నాను. కారణం కూడా చెప్పాను. ఈసారి చక్రాలతో మొదలుపెట్టలేదు. అంతా విని, ‘‘తొంభై వేలకా?’’ అంది, అంతే.

ఆ నెలలోనే కారు అమ్మకానికి పెట్టాం. తెల్లాపూర్ నుంచి ఓ కుర్రాడు వచ్చాడు. కొత్తగా పెళ్లయిందట. బానెట్ ఎత్తి చూశాడు, ఫ్లైఓవర్ మీద నల్లగండ్ల దాకా నడిపి వచ్చాడు. టర్బో ఉరుకు ఆయన ముఖంలోనే కనిపించింది. ‘‘మైలేజ్ ఎంతిస్తుంది సార్?’’ అన్నాడు. చెప్పాను. ‘‘చివరికి ఎంతకిస్తారు?’’ అన్నాడు. అదీ చెప్పాను. అల్లాయ్ చక్రాల వైపు చూసి ‘‘జడ్‌డీఐ కదా సార్?’’ అన్నాడు.

‘‘కాదు, వీడీఐ. చక్రాలు నేను వేయించాను’’ అని ఆగి, ఆయన అడగని మాట కూడా చెప్పాను. ‘‘దీంట్లో ఎయిర్‌బ్యాగులు లేవు. ఇంట్లోవాళ్లకు కూడా ఆ మాట చెప్పి, అప్పుడు నిర్ణయించుకోండి.’’

నన్ను వింతగా చూశాడు. కారు అమ్ముకునేవాడు ఇలా మాట్లాడతాడా అన్నట్టు. రెండు రోజులు ఫోన్ రాలేదు. మూడో రోజు వచ్చింది. ‘‘మా ఇంట్లో చెప్పాను సార్. ఏడాది నడిపి, తర్వాత ఎయిర్‌బ్యాగులున్నది తీసుకుందాం అన్నారు. ఆ లోటుకు పదివేలు తగ్గిస్తారా?’’

తగ్గించాను. నా కాగితం మీద గీతగా మిగిలిపోయినదానికి మొదటిసారి ఒక ధర పడింది.

ఆ రాత్రి నాయినకు ఫోన్ చేసి ఎంతకు అమ్మిందీ చెప్పాను. పదివేలు ఎందుకు తగ్గిందీ చెప్పాను. ఎనభై దాటిన మనిషి. వినడానికి కాస్త టైం పట్టింది.

‘‘ఈసారన్న చెప్పినవ్ రా’’ అన్నాడు.